పదో అచ్చు

1

లేదు, మా అప్ప చచ్చిపోలేదు. తలారి అలా అనుకుంటోంది, అంతే.

అప్ప కింది గుమ్మం గదిలో కూచుని జడ విప్పి ఆరబెట్టుకుంటోంది. చేపల కిటికీలోంచి ఇప్పుడే చూసి వచ్చాను. బతికున్న మనిషే. తమ్ముణ్ణని చూడకుండా నన్ను తిట్టింది కూడా.

చచ్చిపోయింది అయ్య. అమ్మ గంజి తాగిస్తుంటే ఆయాసం ఎక్కువై పోయాడు. అప్పటికి అప్ప బయట పనిలో ఉంది. తెప్ప అడుగున పట్టిన చిప్పలు గీకే పని. మాది పేరుకే తెప్ప, తేలి చాలాకాలమైంది. పాత ఓడల్ని ఒకదానికొకటి అతికించి కట్టారు, అవి ఇసుకలో కూరుకుపోయాయి, మేం వాటిలో ఉండిపోయాం. బయటి గాలి పీలిస్తే మనిషి మిగలడు. లోపలి గాలి తలారి ఇస్తుంది. తలుపులు కూడా తలారే తీస్తుంది. మనిషి కాదు, యంత్రం.

మా దగ్గర ఎవరైనా పోతే ముందు పేరు దించుతారు, ఏడుపు తర్వాత. పోయినవాళ్ల మెడలోంచి బిళ్ల తీసి గుమ్మం చీలికలో తిరగేసి పెడతారు. తలారి చదువుకుని ఆ పేరు కొట్టేస్తుంది. ఆ ఊపిరి, పేరు కోసం వరసలో ఉన్న పసిబిడ్డకి పోతుంది. అయ్య ఊపిరి ఎవరి బిడ్డకి పోయిందో తెలీదు గానీ, పై వరస ఇళ్లలో ఎవరో పళ్లెం కొట్టి పండగ చేసుకోవడం మా ఇంట్లోకి వినిపించింది.

ఆ తర్వాత అప్ప పని దిగి వచ్చింది. బయటి తలుపు ఎవరినీ ఏమీ అడగదు. లోపలి తలుపు బిళ్ల అడుగుతుంది. అప్ప బిళ్ల పెట్టింది. రోజూ "ఉంది" అనే తలారి ఈసారి "లేదు, దించారు" అంది.

నన్ను పిలిచారు. చేపల కిటికీ అంటే పట్టిన చేపల్ని లోపలికి జార్చే సందు, తల కూడా పట్టదు. దానికి మొహం ఆనించాను.

"ఒరే దేముడూ, పేరు దించీసినారంటందిరా. ఎవుల్ది?"

నేను కిటికీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"సెప్పరా గుంటా. ఎవులు పోనారు?"

"అయ్య" అన్నాను.

 అప్ప వేసుకున్న బయటి పని తొడుగులోంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది.

"మరి నా పేరెందుకు దించినారు?"

2

నాకు మాట్లాడ్డం రాదు. నత్తి లేదు, మూగ కాదు. నలుగురు చూస్తే గొంతు మూసుకుపోతుంది. ఈ తీగ పెట్టెలో రాస్తే మిగతా తెప్పలవాళ్లు చదువుతారని కొర్లమ్మత్త చెప్పింది. ఇప్పటిదాకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. నాకు అదే నయం.

కొర్లమ్మత్త దగ్గర బిళ్లలు కొట్టే పని నాది. యంత్రంలో తగరం రేకు పెట్టి, దాని మీద పేరు కొట్టి మెడకి తగిలిస్తాం. బడికి పోయింది తక్కువ. బళ్లో అచ్చులంటే అ ఆ ఇ ఈ అట. మాకు అచ్చులంటే ఇనప ముక్కలు. నేను చదువు నేర్చుకుంది వాటి మీదే. అందుకే నాకు అక్షరాలు ముక్కలుగా కనిపిస్తాయి. "నూ" అంటే మీకు ఒకటి. నాకు రెండు, న ఒక అచ్చు, దాని కొమ్ము ఇంకో అచ్చు. వత్తు కావాలంటే మధ్యలో పొల్లు అచ్చు ఒకటి దింపాలి. "ల్ల" కి మూడు దెబ్బలు.

అచ్చు ఒక్కసారి కొడితే బిళ్ల మీద మూడు గళ్లు నిండుతాయి. తలారిని తయారుచేసినవాళ్ల అక్షరాలకి ఒక్కో గడి చాలట. మనవి వెనకొచ్చి చేరాయి, అందుకే ఒక్కోటి మూడు తింటుంది. ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఖాళీకి ఒక గడి. చివర ముడికి ఒక గడి.

ముడి అంటే ఏమిటో అత్త మొదటి రోజే చెప్పింది.

"పేరంటే దండరా బావూ. అచ్చులు పువ్వులు. సివరాకర్న ముడి. ముడి ఎయ్యకపోతే తలారికి ఎక్కడ ఆగాలో తెలీదు. పక్కోడి పేర్లోకి ఎల్లిపోద్ది."

నేను నమ్మలేదు. బండియ్య బిళ్లకి ముడి మర్చిపోయాక నమ్మాను. తలారి పెట్టెలో వాడి పేరు పక్కనే వాడి అత్తగారి పేరు ఉంది. రెండూ కలిసి ఒకే దండ అయిపోయాయి. అల్లుడు తలుపు దాటాలంటే అత్తగారు కూడా వచ్చి బిళ్ల పెట్టాల్సి వచ్చింది. తెప్పంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు, ప్రతిసారీ వాడి వెనకే నడిచింది.

దండతో చేసే పనులు నాలుగే అంటుంది అత్త. కొలవడం, నకలు తియ్యడం, తుంచడం, రెండిటిని పక్కపక్కన పెట్టి పోల్చడం. తలారి భాష పాతది. అందులో ఎన్ని గళ్లు కావాలో మనమే చెప్పాలి. తక్కువ చెబితే తక్కువే తీసుకుంటుంది. ఇదేంటి అని మాత్రం అడగదు.

అప్ప గదిలోనే ఉంది. బుడ్డి, రొట్టె కిటికీలోంచి జారుస్తున్నాం.

3

బుడ్డి అంటే ఊపిరి బుడ్డి. లోపల అందరం పీల్చే గాలి పలచన. అది సరిపోదు కాబట్టి పేరుకి ఒక బుడ్డి, రోజూ పొద్దున. బిళ్ల పెడితే నింపుతుంది. రెండోసారి పెడితే "ఇచ్చాను" అంటుంది.

అయ్య ఉన్నప్పుడు మా ఇంట్లో నలుగురం, బుడ్డీలు మూడు. ఎప్పుడూ అంతే. ఇది మా దగ్గర కొత్త సంగతి కాదు. మా అమ్మోరు నూకాలమ్మ తల్లి పేరు ఒకే ఇంట్లో ఇద్దరికి పెడితే ఒక ఊపిరి తల్లికి పోతుంది అంటారు. అయ్య నూకరాజు. అప్ప నూకాలు. తల్లి పేరు పెట్టుకోవడం గొప్ప, ఆ గొప్పకి ఖరీదు ఒక బుడ్డి. చాలా ఇళ్లలో ఇంతే. ఎవరూ గొణగరు. తల్లి కదా.

గొణిగేది అప్ప గురించే. పైవరస ఆడవాళ్లు ఎదురుపడితే "అయ్య ఊపిరి తాగిన గుంట ఎల్తంది" అనేవారు. అప్ప ఊరుకునేది కాదు. "మీ మొగుళ్లది కూడా తాగీగల్ను, జాగర్త" అనేది. ఇంటికొచ్చాక మాత్రం బుడ్డి ముట్టుకునేది కాదు. అప్పుడు అయ్యే బలవంతం చేసేవాడు. పొద్దున్నే ఎప్పుడూ అప్పనే ముందు పంపేవాడు. తర్వాత ఆయన వెళ్లి బిళ్ల పెట్టేవాడు. "ఇచ్చాను" అనేది తలారి. "సరేలే" అని తిరిగొచ్చేవాడు. రోజూ వెళ్లేవాడు, రోజూ "సరేలే" అనేవాడు.

ఇప్పుడు అమ్మ బుడ్డి, నా బుడ్డి మిగిలాయి. గుమ్మం గదిలో గాలి బొత్తిగా లేదు కాబట్టి ఎక్కువ భాగం అప్పకి జారుస్తున్నాం. అమ్మ పడుకునే మాట్లాడుతోంది. పోయినాయన గురించి కాదు, అప్ప పుట్టినప్పటి కబుర్లు.

"అందరు గుంటల్కీ తలారి 'ఎక్కింది' అంటదా, నీ అప్పకి అలగననేదురా. బిళ్ల ఎట్టగానే 'ఉంది' అన్నాది. మీ అయ్య సంబరం సూడాల! అమ్మోరి పేరు గదా, మనకన్నా ముందే రాసీసుంచినాదే అని ఎగిరి గంతేసినాడు."

నేను వింటూ కూచున్నాను. ఏదో గుచ్చుకుంది. ఏమిటో అప్పుడు తెలియలేదు.

తలుపు పగలగొట్టొచ్చు కదా అని మీరు అనుకుంటారు. బిళ్ల లేని మనిషి లోపలికి వస్తే తలారి ఆ వరస మొత్తానికి గాలి ఆపేస్తుంది. నేను పుట్టకముందు ఒకసారి చేశారట. ఆ వరసని ఇప్పటికీ ఖాళీగానే ఉంచారు. పిల్లలం అటు ఆడుకోడానికి కూడా పోయేవాళ్లం కాదు.

4

అయ్య బిళ్లని కరిగించమని అత్త నాకే ఇచ్చింది. కావాలని ఇచ్చిందనుకుంటా, చివరిసారి పట్టుకుంటానని.

మా కొట్లో ఒక పలక ఉంది. బిళ్ల దాని మీద పెడితే గుమ్మం ఏం చదువుతుందో చూపిస్తుంది. ముడి సరిగ్గా పడిందా లేదా చూడ్డానికి వాడతాం. బిళ్ల వెనక వైపు పెట్టి ముడి దీపం వెలిగితే తీసేస్తాం. ముందు వైపు ఎవరూ పెట్టరు. పేరు మనమే కొట్టాం కదా, మళ్లీ చదవడం ఎందుకు?

నేను ముందు వైపు పెట్టాను. అయ్య పేరు ఒకసారి వెలుగులో చూద్దామని, అంతే.

చోడిపల్లి న

అంతే ఉంది. తుడిచి మళ్లీ పెట్టాను. చోడిపల్లి న. పలక పాడైంది అనుకున్నాను. దేముడు అని కొట్టి ఉన్న నా బిళ్ల తీసి పెట్టాను.

చోడిపల్లి ద

అప్పుడు వేళ్లతో లెక్కపెట్టాను. చ, దాని ఓత్వం, డ, గుడి, ప, ల, పొల్లు, ల, గుడి. తొమ్మిది అచ్చులు. ఇరవై ఏడు గళ్లు. ఖాళీ ఒకటి, ఇరవై ఎనిమిది. ఇంకో అచ్చు, ముప్పై ఒకటి. ముడి, ముప్పై రెండు. గుమ్మానికి ఎవరో ఎప్పుడో ముప్పై రెండు గళ్లు చాలని చెప్పారు. బిళ్ల కొట్టే యంత్రం పేరంతా చూస్తుంది. గుమ్మం పది అచ్చులు చూసి, ముడి వేసేసి, మిగతా దండ పారేస్తుంది.

మా ఇంటిపేరే తొమ్మిది తినేస్తుంది. మనిషికి మిగిలేది ఒక్కటి, పదోది.

నూకరాజు, న. నూకాలు, న.

తుంచింది కూడా సరిగ్గా అచ్చుకీ అచ్చుకీ మధ్యలో. ఎవరి పేరు లెక్కేసినా అంతే పడుతోంది. అక్షరం ఎక్కడైనా సగానికి విరిగి ఉంటే, గుమ్మం పిచ్చి గీతలు చూపించి ఉంటే, ఎవరో ఒకరు ఇదేమిటని అడిగేవారు. తెగిన చోటు శుభ్రంగా ఉంది, ఎవరూ చూడలేదు.

అమ్మ చెప్పిన "ఉంది" అప్పుడు అర్థమైంది. తలారి పాపని చూసి ఆ మాట అనలేదు. ఈ పేరు నా దగ్గర ఇదివరకే ఉంది అంది. అది అయ్య పేరు. అప్ప ఎప్పుడూ ఎక్కనే లేదు. పుట్టిన రోజు నుంచి అయ్య పేరులో బతికింది. అయ్యని దించినప్పుడు అప్ప కూడా దిగిపోయింది.

తల్లి ఎవరి ఊపిరీ తీసుకోలేదు.

అత్తకి చెప్పడానికి మాటలు రాలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పలక చూపించాను. అయ్య బిళ్ల, నా బిళ్ల, తర్వాత ఆవిడ మెడలోది. అత్త ఇంటిపేరు వాసుపల్లి. అదీ తొమ్మిదే.

అత్త తన బిళ్ల వైపు చూడలేదు. గోడకి కొట్టిన మేకు వైపు చూసింది. దానికి ఒక చిన్న బిళ్ల వేలాడుతుంటుంది, పసిపిల్లలదంత. అది ఎవరిదని నేనెప్పుడూ అడగలేదు. తీసి తనే పలక మీద పెట్టింది.

వాసుపల్లి న

"నా కూతురు" అంది. "నూకరత్నం. పెద్దోడు నూకయ్య. దానికి బుడ్డి రాకపోతే తల్లి తీసుకుంటందిలే అని ఊరుకున్నాం. పసర్లు రాసినాం. కొబ్బరికాయ కొట్టినాం." దాన్ని మళ్లీ మేకుకి తగిలిస్తూ, "ఆ బిళ్ల నానే కొట్టినాన్రా" అంది.

నేను కుర్చీ జరిపాను. అత్త కూచోలేదు.

5

పెద్దల కూటానికి వెళ్లాం. పెద్ద ఎర్రయ్య, ఇంటిపేరు తెడ్డు. చెడ్డవాడు కాదు. అయ్య పాడెకి భుజం ఇచ్చాడు.

అత్త అంతా చెప్పింది. పలక కూడా తీసుకెళ్లి చూపించింది. కొందరు తమ బిళ్లలు పెట్టి చూసుకున్నారు. ఒకాయన చూసుకుని, బిళ్ల మెడలో వేసుకుని, వెళ్లిపోయాడు. వాళ్లింట్లో ఇద్దరు నూకాలమ్మలు.

"మరి మా ఇంట్లో ఎప్పుడూ ఊపిరి తక్కువ కానేదే" అన్నాడు ఎర్రయ్య.

"నీ ఇంటిపేరు తెడ్డు బావా. ఆరచ్చులు. నీకింకా నాలుగు మిగుల్తాయి. నీకేటి తక్కువ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను పెద్దల వరస చూశాను. తెడ్డు. కారి. పేర్ల. సూరాడ. ఆ ఇళ్లవాళ్లకి ఛాతీలు విశాలం అనీ, తల్లి చల్లగా చూసిందనీ, అందుకే పెద్దలయ్యారనీ మా దగ్గర చెప్పుకుంటారు. ఇంటిపేర్లు పొట్టివి, అంతే.

"సరే. గళ్లు పెంచాలంటే ఏటి సెయ్యాల?"

"పెట్టెలన్నీ ఒకదాన్నొకటి ఆనుకునున్నాయి బావా. ఒకటి సాగదీస్తే పక్కది నలిగిపోద్ది. తలారిని ఆపీసి పేర్లన్నీ మొదట్నుంచీ పేర్చాల."

"ఎంతసేపు?"

"ఒక పూట."

ఎర్రయ్య తల పట్టుకున్నాడు. "పూటసేపు గాలి నేకపోతే పసోళ్లుంటారేటే? ముసిలోళ్లుంటారేటి? ఒక గుంట లోపలికి రావడానికి ఎవుల గుంటని బయటికి పంపమంటావు? పేరు సెప్పు. నువ్వు సెప్తే నాను తలారిని ఇప్పుడే ఆపీస్తాను."

అత్త పలక తీసి ఒళ్లో పెట్టుకుంది.  నాకు ఇంకో సంగతి తోచింది. కొత్తగా పుట్టేవాళ్లకైనా ఇది చెప్పాలి, ఒకే పదో అచ్చు రెండుసార్లు పెట్టొద్దని. లేచి నిలబడ్డాను. అందరూ నా వైపు తిరిగారు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

"ఏటి గుంటా, ఒంటేలుకా?" అన్నాడొకడు.

అందరూ నవ్వారు. పాపం, చాలాసేపట్నుంచి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి వాళ్లకి. నేను కూచున్నాను.

"అమావాస్య లోపల ఏదైనా ఆలోసిద్దాం" అన్నాడు ఎర్రయ్య. ఆలోచించేది ఏమీ లేదని ఆయనకి తెలుసు.

6

అమావాస్య అని ఎందుకన్నాడంటే, ఆ పోటుకి కింది గుమ్మం గది మునుగుతుంది. బయటి తలుపు రబ్బరు అరిగిపోయింది. ఆ రోజు ఆ గుమ్మం ఎవరూ వాడరు.

అమ్మ మంచం దిగి అత్త కాళ్లు పట్టుకుంది. "నా పేరు దించీ వదినా. ఆ కాళీలో దాన్ని ఎక్కించీ."

"ఎక్కదే. కాళీ అయితే వరసలో ముందున్న పసిదానికి ఎల్లిపోద్ది. నువ్వు సచ్చినా దానికి రాదు."

మా తెప్పలో చావు కూడా ఇచ్చుకోడానికి లేదు.

అప్ప తొడుగులో ఉన్న గాలి అయిపోయింది. బుడ్డి మీదే బతుకుతోంది. గదిలో తడి ఆరడం లేదు. కిటికీలోంచి చెయ్యి పెడితే పట్టుకుంది, చేప కన్నా చల్లగా ఉంది.

"పనికి రమ్మంటన్నారేటి నన్ను?" అని అడిగింది నవ్వుతూ. "సచ్చినోళ్లకి సెలవుంటదని సెప్పు."

నేను కొట్టుకి వచ్చాను. అత్త భోజనానికి వెళ్లింది. అచ్చుల పెట్టె తీశాను.

గుమ్మానికి మనిషితో పని లేదు. పది అచ్చులు చాలు. అవి ఉన్నాయా లేవా అని పోలుస్తుంది, ఉంటే తీస్తుంది. మా ఇంట్లో ఇంకా తలారి దగ్గర ఉన్న దండలు రెండు. అమ్మది, అ. నాది, ద. అప్పకి "అ" తో ఏదో పేరు కొడితే అమ్మ పేరులోకి వెళుతుంది. అమ్మ దగ్గు గుర్తొచ్చింది. ఆ అచ్చు మళ్లీ పెట్టెలో పెట్టేశాను. నా బిళ్లే ఇచ్చేస్తే లోపల నేను బిళ్ల లేని మనిషినవుతాను.

ద కొట్టాను. దీర్ఘం కొట్టాను. ల, మ, పొల్లు, మ. దాలమ్మ. మా తాత తల్లి పేరు. అంతకన్నా మంచిది తోచలేదు.

బిళ్ల కొట్టే యంత్రం పేరంతా చూసుకుని "కొత్తది" అంది. నా పేరే మళ్లీ కొట్టి ఉంటే "కొట్టేశాను" అని రేకు బయటికి తోసేసేది. ముడి వేశాను. పలక మీద పెట్టాను.

చోడిపల్లి ద

 అయ్య తెలియక ఇచ్చాడు. నేను తెలిసి ఇస్తున్నాను. తేడా అంతే. పెద్ద తేడా అనిపించలేదు నాకు, చిన్నదీ అనిపించలేదు.

వెనక అత్త నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. పలక చూసింది, నన్ను చూసింది. ఆపుతుందనుకున్నాను. తాడు తెచ్చి బిళ్లకి గుచ్చి ఇచ్చింది.

7

నేను వెళ్లేసరికి నీళ్లు అప్ప మోకాళ్ల దాకా ఉన్నాయి. కిటికీలోంచి బిళ్ల ఇచ్చాను.

దీపం వెలుగులో చదువుకుంది. "దాలమ్మేటిరా? ముసల్దాని పేరు!"

"ఎట్టు అప్పా."

"నా పేరు నాకుంది. ఇన్నాళ్లూ ఇదెట్టుకుని తిట్లు తిన్నాను, ఇప్పుడొదిలీమంటావేటి?"

"నీళ్లొచ్చీస్తన్నాయి."

"నూకాలని పిలవరా మరింక?"

"నాను పిలుత్తాను."

నా జీవితంలో నేను ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. అప్ప చీలిక దగ్గరికి వెళ్లి ఆగింది. తిరిగి చూసింది.

"ఊపిరెవుల్దిరా ఇది?"

"కొత్తది" అన్నాను. "అత్త ఎక్కించినాది."

అప్ప బిళ్ల పెట్టింది. తలారికి ఎప్పుడూ తొందర లేదు. నీళ్లు కిటికీ అంచు దాకా వచ్చి నా గడ్డానికి తగిలాయి. ఉప్పుగా, జిడ్డుగా.

"ఉంది" అంది తలారి.

తలుపు తెరుచుకుంది. నీళ్లతో పాటు అప్ప లోపలికి పడింది. నేను పట్టుకున్నాను. తలుపు మూసుకుంది. గాలి ఆగలేదు. వరసలో ఎవరో ఏడుపు మొదలుపెట్టారు, అమ్మ అనుకుంటా.

అప్ప లేవలేదు. నేల మీదే కూచుని నా వైపు చూస్తోంది. తన పుట్టుక కథ అమ్మ నోట నాకన్నా ఎక్కువసార్లు విన్న మనిషి తను. కొత్త పేరైతే తలారి "ఎక్కింది" అనాలి. "ఉంది" అనకూడదు.

చెంప మీద కొట్టింది. గట్టిగా. తర్వాత అదే చెంప తడిమింది.

"ఈసారి ఎవుల్నిరా తినీసినాను?"

నేను నా బిళ్ల చొక్కాలో దాచుకున్నాను. చూసేసింది.

8

కొన్నాళ్లుగా రాయలేదు. రాస్తే ఆయాసం వస్తోంది. పొడుగు మాటలు వదిలేస్తున్నాను.

మా ఇంట్లో ముగ్గురం, బుడ్డీలు రెండు. తెప్పంతా నూకాలు బతికొచ్చింది, తల్లి వదిలేసింది అనుకుంటోంది. పైవరస ఆడవాళ్లు ఇప్పుడు అప్పకి దారి ఇస్తున్నారు, భయంతో. అప్పకి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఎర్రయ్యకి సంగతి తెలుసు. ఎదురుపడితే నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోతాడు. అమ్మకి మేం చెప్పలేదు. అత్త బిడ్డల తల్లులందరినీ పట్టుకుని, "మీ ఇంట్లో ఆ అచ్చుందే, ఇంకోటెట్టు" అంటోంది. తల్లి పేరు వద్దంటావా, నీకేం పోయేకాలం అని తిడుతున్నారు. ఒకావిడ ఉమ్మింది. అత్త తుడుచుకుని పక్కింటికి వెళ్లింది. ఇద్దరు విన్నారు. ఇద్దరే.

పొద్దున నేను ఆలస్యంగా లేస్తాను, అప్ప ముందు వెళ్లి నింపుకుంటుందని. అప్ప నాకన్నా ఆలస్యంగా లేస్తుంది. అలా ఇద్దరం నిద్ర నటిస్తూ పడుకుంటే ఒకరోజు వేళ దాటిపోయి బుడ్డి ఎవరికీ రాలేదు. ఆ రోజు చాలా దగ్గాను. అప్ప పక్కన కూచుని వీపు రాసింది.

"నువ్వు ముందు పోతే నీ పేరు దించీస్తారు. నాను మళ్లీ గుమ్మం బయటే" అంది. "నాను ముందు పోతే నువ్వు బయట. ఒరే, ఒకేసారి పోవాల మనం. ముందే సెప్పుకోవాల."

"అలగే" అన్నాను.

"అలగేటి! రేపు ఎల్లి బుడ్డి నింపు. రేపటిది నీది."

మర్నాడు వెళ్లాను. అప్పటికే అప్ప ఒకసారి వెళ్లి వచ్చి ఉంది, నాకు తెలియకుండా నాకోసమే నింపి గోడ పక్కన పెట్టింది. నేను బిళ్ల పెడితే తలారి "ఇచ్చాను" అంది. అయ్యలాగే "సరేలే" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఈ తీగ మీద మీరు ఎవరైనా ఉంటే, మీ తెప్పల్లో కూడా తలారి ఇదే అయి ఉంటుంది, అందరివీ ఒకరే చేశారట. మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడూ ఆయాసమేనా? తల్లి తీసుకుంది, రాత అంతే అని సర్దుకున్నారా? ఒకసారి మీ పేరు ఇంటిపేరుతో సహా రాసుకోండి. ముక్కలు చెయ్యండి. గుడి వేరు, కొమ్ము వేరు, పొల్లు వేరు. పది దాకా లెక్కపెట్టండి.

పదోది మీరొక్కరేనా, మీ పక్కన పడుకున్నవాళ్లు కూడానా?